పోటీ ఏ ఊళ్లో ఉన్నా, లెక్క మన ఊరి వానలతోనే

“ఏందన్నా, ఈసారి ముంబై పోదామా, హైదరాబాదుకే పోదామా?” నెల్లూరు వీఆర్సీ గ్రౌండ్‌లో తెల్లవారుజామున పరిగెత్తేవాళ్ల మధ్య ఈ మాట తరచూ వినబడుతుంది. ఒంగోలులోనూ అంతే. పరుగు పోటీ కోసం రైలెక్కడం, పనిలో పనిగా ఆ ఊరు చూసి రావడం ఇప్పుడు మన జిల్లాల్లోనూ మామూలైపోయింది. బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, డాక్టర్లు, రొయ్యల వ్యాపారులు, పిల్లలు కాలేజీకొచ్చాక కాస్త తీరిక చిక్కిన గృహిణులు కూడా బయలుదేరుతున్నారు. చూస్తే సంతోషంగా ఉంటుంది.

అయితే ఎక్కడికి వెళ్లాలో తేల్చుకునేటప్పుడు చాలామంది చూసేది పోటీ జరిగే ఊరిని. దారి ఎంత అందంగా ఉంటుంది, మెడల్ ఎలా ఉంది, పోయినసారి వెళ్లినవాళ్ల ఫోటోలు ఎలా వచ్చాయి అని చూస్తారు. నేనైతే ముందు చూడమనేది మన ఊరినే. పోటీ ఒక్క పొద్దుతో అయిపోతుంది. 42.195 కిలోమీటర్ల ఫుల్ మారథాన్‌కు, అప్పటికే పరుగు అలవాటున్న మనిషికి కూడా పదహారు నుంచి ఇరవై వారాల సాధన కావాలి. అందులో సగం దూరం ఉండే హాఫ్‌కు పది, పన్నెండు వారాలు. ఆ వారాలన్నీ గడిచేది ముంబైలో కాదు, నెల్లూరులో, కావలిలో, ఒంగోలులో. అవి మన దగ్గర ఏ కాలంలో పడుతున్నాయో చూసుకుంటే ఏ పోటీకి వెళ్లాలో సగం తేలిపోతుంది.

క్యాలెండర్‌ను వెనక్కి తిప్పితే

హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివర్లో జరుగుతుంది. అక్కడి నుంచి పదహారు వారాలు వెనక్కి వెళితే మే మొదటి వారం. అంటే నడి ఎండాకాలం. పైగా మనకు జూన్ వచ్చినంత మాత్రాన ఎండ తగ్గదు. నైరుతి రుతుపవనాలు హైదరాబాదును చల్లబరిచినట్టు కోస్తా దక్షిణపు కొసను చల్లబరచవు. నెల్లూరుకు అసలైన వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య రుతుపవనాలదే. కాబట్టి ఆగస్టు పోటీ ఎంచుకున్నామంటే సాధన మొత్తం ఎండలోనూ ఉక్కలోనూ చేయడానికి ఒప్పుకున్నట్టే.

ఉక్క అంటే చిన్న సంగతి కాదు. చెమట కారడం వల్ల ఒళ్లు చల్లబడదు, ఆ చెమట ఆరితేనే చల్లబడుతుంది. సముద్రపు తేమ నిండిన గాలిలో చెమట ఆరక కారిపోతుంది. లోపలి వేడి బయటికి పోయే దారి లేక గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. జనవరిలో హాయిగా పరిగెత్తిన వేగమే జూన్‌లో ఆయాసం తెప్పిస్తుంది. అది మన చేతగానితనం కాదు. ఆ నెలల్లో గడియారంలో కనబడే వేగాన్ని పక్కనపెట్టి, పక్కవాడితో రెండు ముక్కలు మాట్లాడగలిగేంత నిదానంలో పరిగెత్తడమే సరైన పద్ధతి.

దీనికి మంచి వైపు కూడా ఉంది. రోజూ వేడిలో సాధన చేస్తే పది, పద్నాలుగు రోజుల్లో శరీరం సర్దుకుంటుంది. రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, చెమట తొందరగా మొదలవుతుంది, ఆ చెమటలో ఉప్పు తగ్గుతుంది. ఇలా కాగిన మనిషి ఆగస్టు చివర్లో హైదరాబాదు మబ్బుపట్టిన తెల్లవారుజాములో నిలబడితే గాలి తేలికగా అనిపిస్తుంది. కానీ అక్కడి రోడ్లు మన రోడ్లలా చదునుగా ఉండవు. ఫ్లైఓవర్లు, ఎత్తుపల్లాలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. మైపాడు రోడ్డు, కొత్తపట్నం రోడ్డు మీద మాత్రమే సాధన చేసిన కాళ్లు అక్కడ తడబడతాయి. నెల్లూరువాళ్లకు జొన్నవాడ దాపునే నరసింహకొండ ఉంది. వారానికి ఒకరోజు ఆ ఘాట్ రోడ్డును నాలుగైదుసార్లు ఎక్కి దిగితే ఆ లోటు చాలావరకు తీరుతుంది.

ఇక చెన్నై మారథాన్. మనకు దగ్గర, రైల్లో మూడు గంటల దారి, భాష ఇబ్బంది లేదు, ఇంచుమించు మన వాతావరణమే. జనవరి మొదట్లో జరుగుతుంది. ముంబై మారథాన్ జనవరి మూడో ఆదివారం. రెండూ చలికాలపు పోటీలే కాబట్టి సులువనిపిస్తుంది. కానీ పోటీకి మూడు నుంచి ఆరు వారాల ముందు పడే 28, 30, 32 కిలోమీటర్ల పరుగులే ఫుల్ మారథాన్ సాధనకు వెన్నెముక. జనవరి పోటీకి అవి పడేది నవంబరు, డిసెంబరుల్లో. ఆ నెలలు నెల్లూరు జిల్లాకు ఎలాంటివో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి. 2023 డిసెంబరు మొదటి వారంలో మిగ్‌జాం తుపాను చెన్నైని ముంచి, మన తీరం పొడవునా వచ్చి, బాపట్ల దగ్గర తీరం దాటింది. అంత పెద్దవి ప్రతి ఏడూ రాకపోయినా, వాయుగుండం వెనక వాయుగుండం రావడం, వారాంతం పూట ఎడతెరిపి లేని వాన పడటం మామూలే.

ఒక పెద్ద పరుగు తప్పితే ఏమీ కాదు. మూడు తప్పితే మాత్రం ఆ పోటీలో ఫుల్ దూరం గురించి మళ్లీ ఆలోచించుకోవాలి. అందుకే డబ్బు కట్టేముందే ఫుల్ నుంచి హాఫ్‌కు మార్చుకోవడానికి నిర్వాహకులు ఒప్పుకుంటారో లేదో నిబంధనల్లో చూసుకోవాలి. వానలో పరిగెత్తడం తప్పు కాదు, వాననీళ్లు నిలిచిన రోడ్డు మీద పరిగెత్తడమే ప్రమాదం. కింద తెరిచిన కాలువ ఉందో, తెగిన కరెంటు తీగ ఉందో తెలియదు. అలాంటి రోజు ఇంట్లోనే మెట్లెక్కి దిగడం, గుంజీలు, తొడల బలం పెంచే కసరత్తులు చేసుకోవచ్చు. తడిసిన షూలో పాత న్యూస్‌పేపర్ కుక్కి ఫ్యాను కింద పెడితే చాలావరకు ఆరుతుంది. ఆ పేపర్‌ను రెండు మూడుసార్లు మార్చాలి. ఎండలో పెడితే అట్ట ఊడుతుంది.

మరి మనకు ఏది బాగా కుదురుతుంది? నన్నడిగితే ఫిబ్రవరి చివర్లో జరిగే న్యూఢిల్లీ మారథాన్ లాంటివి. సాధన నవంబరు మొదట్లో మొదలవుతుంది. వానలు పడే ఆ మొదటి వారాల్లో చిన్న చిన్న పరుగులే ఉంటాయి కాబట్టి ఒకటి రెండు తప్పినా నష్టం లేదు. పెద్ద పరుగులన్నీ సంక్రాంతి చుట్టుపక్కల పడతాయి. ఆకాశం తేరుకుని, తెల్లవారుజామున మంచు కురిసే ఆ వారాలు మన జిల్లాల్లో పరుగుకు ఏడాది మొత్తంలో అన్నిటికన్నా మంచివి. ఐదింటికి ఇందుకూరుపేట దాటి మైపాడు వైపు వెళితే రోడ్డుకు రెండు వైపులా రొయ్యల గుంటల్లో ఏరేటర్లు తెల్లగా నురగ చిమ్ముతూ తిరుగుతుంటాయి. గట్టు మీద కాపలా షెడ్డులో ఒక బల్బు వెలుగుతుంటుంది. మేత బస్తాల లారీ ఒకటి లైటు తగ్గించి పక్కనుంచి వెళ్తుంది. సముద్రం కనబడేసరికి తెల్లారుతుంది. అక్కడ టీ కొట్టు దగ్గర రెండు గుక్కలు నీళ్లు తాగి వెనక్కి తిరిగితే ఎండ ముదరకముందే ఇంటికి చేరొచ్చు. సాధన ఇంత హాయిగా సాగే కాలాన్ని వదిలేసి, వానలతో పోట్లాడే పోటీని ఎందుకు ఎంచుకోవాలి అనిపిస్తుంది నాకు. మార్చి మొదట్లో జరిగే టోక్యో మారథాన్‌కూ, చదునుగా ఉండే మన రోడ్ల వేగం పనికొచ్చే ఏప్రిల్ నాటి బెంగళూరు 10కే (పది కిలోమీటర్ల) పోటీకీ ఇదే లెక్క సరిపోతుంది.

ముంబై సంగతి ఒక్కటి విడిగా చెప్పాలి. జనవరి మూడో ఆదివారం అంటే సంక్రాంతి ముగిసిన వెంటనే. మన ఇళ్లల్లో అరిసెలు, బొబ్బట్లు, కనుమ నాటి మాంసం, బంధువులు, ఆలస్యమైన నిద్రలు ఉంటాయి. రైళ్లు కిక్కిరిసి ఉంటాయి. నెల్లూరు నుంచి వెళ్లాలంటే చెన్నైకి వెళ్లి విమానమైనా ఎక్కాలి, రేణిగుంటకు వెళ్లి ముంబై రైలైనా పట్టుకోవాలి. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. 2024 నవంబరు ముందు అది 120 రోజులుండేది. పోటీకి పేరు నమోదు మాత్రం దానికి నెలల ముందే అయిపోతుంది. అంటే డబ్బు కట్టిన చాలా రోజులకు గాని టికెట్ దొరుకుతుందో లేదో తెలియదు. పైగా ముంబైలో ఫుల్‌కు, హాఫ్‌కు ఇంతకుముందు వేరే పోటీ పూర్తి చేసిన టైమింగ్ సర్టిఫికెట్ అడుగుతారు. మొదటిసారి పరిగెత్తేవాళ్లు ముందు దగ్గర్లో ఒక పోటీ పూర్తి చేసుకుని ఉండాలి.

ఊరు చూడటం ముందా, పరుగు ముందా

పోటీకి కాళ్లు తాజాగా ఉండాలి, యాత్రకు కాళ్లు అరిగేలా తిరగాలి. ఈ రెండూ ఒకే సంచిలో పట్టవు. శనివారం ఉదయం హైదరాబాదు దిగి, రామోజీ ఫిల్మ్ సిటీ మొత్తం తిరిగి, సాయంత్రం గోల్కొండలో సుమారు 360 మెట్లెక్కి, ఆదివారం తెల్లవారుజామున పోటీలో నిలబడే కుటుంబాలున్నాయి. పదిహేను కిలోమీటర్లు దాటాక ఆ మెట్లు ఒక్కొక్కటీ గుర్తొస్తాయి.

అలాగని పోటీ అయిన మర్నాడు మెట్లెక్కొచ్చా అంటే అదీ కష్టమే. పరుగులో తొడ కండరాలు సాగుతూనే బరువు మోస్తాయి. దానివల్ల వచ్చే నొప్పి అదే రోజు కాక, మర్నాటి నుంచి మూడో రోజు దాకా ముదురుతుంది. ఎక్కడం కంటే దిగడం బాధ. ముంబైలో పరిగెత్తి మంగళవారం ఎలిఫెంటా గుహలకు వెళ్లినవాళ్లు పడవలో బాగానే ఉంటారు, మెట్లు దిగేటప్పుడే రెయిలింగ్ పట్టుకుంటారు. కాబట్టి పోటీ అయ్యాక మొదటి రెండు రోజులు కూర్చుని చూసేవి పెట్టుకోవాలి. హుస్సేన్‌సాగర్ బోటు, మెరీనా బీచ్ సాయంత్రం, బస్సులో ఊరు చుట్టడం లాంటివి. కోటలూ గుట్టలూ ఇంకో ప్రయాణానికి ఉంచుకోవాలి. ఇంట్లోవాళ్లకు ఈ సంగతి బయలుదేరకముందే చెబితే మంచిది. వాళ్లూ సెలవు పెట్టుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తున్నారు. చాలా పోటీల్లో ఐదు కిలోమీటర్ల పరుగు కూడా ఉంటుంది. దానికి వాళ్ల పేర్లూ ఇస్తే వెంట వచ్చినవాళ్లుగా మిగలరు, పోటీదారులవుతారు.

పరిగెత్తేటప్పుడు ఛాతీ మీద పెట్టుకునే బిబ్ నంబరు సంగతి చాలామంది మర్చిపోతారు. పెద్ద పోటీల్లో అది పోటీ ఉదయం ఇవ్వరు. అంతకుముందు రెండు మూడు రోజులు నడిచే ఎక్స్‌పోలో గుర్తింపు కార్డు చూపించి తీసుకోవాలి. అంటే ఆదివారం పోటీకి శనివారం రాత్రి దిగితే కుదరదు. మనవాళ్లకు సింహపురి ఎక్స్‌ప్రెస్ బాగా కలిసొస్తుంది. రాత్రి ఎక్కితే పొద్దున్నే సికింద్రాబాదు. అయినా నేను శుక్రవారం ఉదయానికి చేరమనే చెబుతాను. పోటీ ముందురోజు రాత్రి టెన్షన్‌తో ఎలాగూ నిద్ర సరిగా పట్టదు, అది అందరికీ ఉండేదే. దానికి ముందు రాత్రి నిద్ర బాగుంటే చాలు. ఆ రాత్రి రైలు బెర్తు మీద కాక మంచం మీద గడవాలి.

బస కూడా పోటీ మొదలయ్యే చోటికి నడిచి వెళ్లేంత దగ్గర్లో దొరికితే తీసుకోవాలి, నాలుగు వందలు ఎక్కువైనా సరే. తెల్లవారుజామున ఆ చుట్టుపక్కల రోడ్లు మూసేస్తారు, ఆటో లోపలికి రాదు. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకు మూడున్నరకు తెలియని ఊళ్లో బండి కోసం ఎదురుచూసే అవస్థ ఉండకూడదు.

తిండి, నీళ్లు

ఫుల్ మారథాన్‌కు ముందు 36 నుంచి 48 గంటల పాటు రోజుకు కిలో బరువుకు 10 నుంచి 12 గ్రాముల పిండిపదార్థం తినాలని క్రీడా పోషకాహార మార్గదర్శకాలు చెబుతాయి. అరవై కిలోల మనిషికి అది 600 గ్రాముల పైమాటే. ఒక కప్పు వండిన అన్నంలో ఉండేది సుమారు 45 గ్రాములు. ముందురోజు రాత్రి ఒక్కపూట కడుపునిండా తింటే ఈ లెక్క తీరదని దీన్నిబట్టే అర్థమవుతుంది. రెండు రోజుల మీద కొంచెం కొంచెంగా తినాలి. ఆ రెండు రోజులూ మనం రైల్లో ఉంటే? గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ వెళ్లేవాళ్లకు ఒక పగలూ రాత్రీ దాటి రైల్లోనే గడుస్తుంది. స్టేషన్‌లో దొరికే సమోసా, ప్యాంట్రీ బిర్యానీ ఆ సమయానికి పనికిరావు. ఇంటి నుంచి పెరుగన్నం, నెయ్యి రాసిన ఇడ్లీ, అటుకులు, అరటిపండ్లు, ఖర్జూరం తీసుకెళ్లడమే మేలు. పెరుగన్నం, ఇడ్లీ మొదటి పూటకే, తర్వాత పాడవుతాయి. ఆ రెండు రోజులూ పప్పులు, ఆకుకూరలు తగ్గిస్తే పోటీ ఉదయం కడుపు తేలికగా ఉంటుంది. నెల్లూరు చేపల పులుసు తిరిగొచ్చాక తినొచ్చు.

నీళ్ల విషయంలో రెండు వైపులా ప్రమాదముంది. తాగకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి స్పృహ తప్పే దాకా వెళ్లొచ్చని చాలామందికి తెలియదు. నాలుగైదు గంటలు నిదానంగా పరిగెత్తుతూ, ప్రతి నీళ్ల బల్ల దగ్గరా ఆగి తాగేవాళ్లకే ఈ ముప్పు ఎక్కువ. ఎంత తాగాలో ఇంటి దగ్గరే తెలుసుకోవచ్చు. గంట పరుగుకు ముందు, తర్వాత బట్టలు తీసి బరువు చూసుకోవాలి. కిలో తగ్గితే సుమారు లీటరు చెమట పోయినట్టు. మధ్యలో తాగిన నీళ్లుంటే వాటినీ కలపాలి. పోటీ జరిగే ఊరు మన ఊరికంటే చల్లగా ఉంటే దానికంటే తక్కువ చాలు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, నలభై దాటి కొత్తగా మొదలుపెట్టేవాళ్లు సాధనకు ముందే డాక్టర్‌ను కలిసి, అవసరమైతే టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే గుండె పరీక్ష) చేయించుకోవాలి. ఇది వాయిదా వేసే పని కాదు.

ప్రయాణమే వ్యాయామమైతే

ఇప్పటిదాకా చెప్పింది ఊరికి వెళ్లి అక్కడ పోటీలో పరిగెత్తే పద్ధతి. ప్రయాణమే పోటీగా ఉండే పద్ధతి ఇంకొకటుంది. సైకిల్‌వాళ్ల దూరపు సవారీ అయిన బ్రెవే అలాంటిది. ఇందులో గెలుపోటములు లేవు, గడువు మాత్రమే ఉంటుంది. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20, 400కు 27, 600కు 40 గంటలు. దారిలో కంట్రోల్ పాయింట్ల దగ్గర కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. రాత్రి లైట్లు, మెరిసే జాకెట్ తప్పనిసరి. చెన్నై, హైదరాబాదు క్లబ్బులు వీటిని ఏడాదంతా జరుపుతుంటాయి. మనకు చదునైన 16వ నంబరు హైవే ఉంది. నెల్లూరు నుంచి ఒంగోలుకు సుమారు 120 కిలోమీటర్లు, సాధనకు సరిపోయే దూరం. అయితే దాని మీద లారీల జోరు తక్కువ కాదు. ఎదురుగాలి రోజున ఒంటరిగా కాక ఇద్దరు ముగ్గురు కలిసి, తెల్లారాకే బయలుదేరాలి. సైకిల్‌ను రైల్లో పంపాలంటే పార్సిల్ ఆఫీసులో బుక్ చేసి బ్రేక్ వ్యాన్‌లో వేయించాలి. నెల్లూరు, ఒంగోలులో చాలా రైళ్లు ఆగేది ఒకటి రెండు నిమిషాలే కాబట్టి, రైలు మొదలయ్యే చెన్నై నుంచి ఎక్కించడం నయం.

మన జనానికి కాలినడక యాత్ర కొత్తదేం కాదు. తిరుమలకు నడిచి వెళ్లేవాళ్లు మన రెండు జిల్లాల నుంచి ఎప్పుడూ ఉంటారు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. పరుగు సాధనలో ఉన్నవాళ్లు మొక్కు తీర్చుకోవడానికి వెళ్లేటప్పుడు పోటీకి కనీసం మూడు వారాల దూరంలో వెళ్లాలి. ఎక్కి బస్సులో దిగితే కాళ్లకు మంచి వ్యాయామం, మోకాళ్లకు భారం ఉండదు. ఉదయగిరి దుర్గం ఎక్కడం, పెంచలకోనలో ఒకరోజు గడపడం కూడా పోటీ లేని వారాలకు బాగుంటాయి.

లడఖ్ మారథాన్ మీద మోజు ఉన్నవాళ్లు మాత్రం ఆగి ఆలోచించాలి. 2012లో మొదలైన ఈ పోటీ సెప్టెంబరులో జరుగుతుంది. లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తు. అక్కడ ఊపిరికి అందే ఆక్సిజన్ మనకంటే మూడో వంతు తక్కువ. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన మనం ఢిల్లీలో విమానమెక్కి గంటంపావులో అక్కడ దిగితే తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం వస్తాయి. మొదటి రెండు రోజులు పూర్తిగా విశ్రాంతి, మొత్తం మీద కనీసం వారం పది రోజులు ముందుగా వెళ్లడం అవసరం. అంత సెలవు దొరకనివాళ్లు వెళ్లకపోవడమే మంచిది. ఎంత బాగా సాధన చేసినవాళ్లకైనా ఎత్తు జబ్బు రావొచ్చు, ముందుగా వెళ్లడానికి బదులుగా పనికొచ్చే సాధన ఏదీ లేదు. మాత్రల విషయం డాక్టర్‌తో మాట్లాడాకే.

తిరుగు ప్రయాణం కూడా టికెట్ తీసేటప్పుడే ఆలోచించాలి. పోటీ అయిన మధ్యాహ్నమే రైలెక్కి పన్నెండు గంటలు కదలకుండా కూర్చుంటే, ఒళ్లు ఎండి ఉన్న ఆ స్థితిలో కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. వీలైతే ఆ రాత్రి అక్కడే ఉండి మర్నాడు బయలుదేరాలి. తప్పనిసరైతే గంటకొకసారి లేచి బోగీలో అటూ ఇటూ నడవాలి, నీళ్లు తాగుతూ ఉండాలి. ఒక్క పిక్కే వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే పరుగు నొప్పి అనుకుని నూనె రాయకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. టికెట్ బుక్ చేసేటప్పుడు లోయర్ బెర్తు అడగండి. ఆ రోజు మీకు అప్పర్ బెర్తు ఎక్కడం అయ్యే పని కాదు.